హైవే బండికి డీపీఎఫ్ ఎందుకు మూసుకుపోయింది: 1,19,000 కి.మీ. దగ్గర ఒక వారంటీ కేసు

రోజూ హైవే ఎక్కే డీజిల్ బండికి డీపీఎఫ్ (ఎగ్జాస్ట్ పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టర్) లైటు పదేపదే వెలుగుతోందంటే ఫిల్టర్‌ని విప్పే ముందు ఇంజన్ మిగతా భాగాలను చూడాలి. మా గ్యారేజీకి వచ్చిన ఈ కేసులో షోరూం ఫిల్టర్ మార్చమంది, ఒకటిన్నర లక్ష పైన అంచనా ఇచ్చింది, వారంటీ వర్తించదంది. అసలు పాడైంది రెండున్నర వేలు కూడా ఖరీదు చేయని భాగం. అది కనిపెట్టడం ఒక ఎత్తు, దాన్ని వారంటీలో మార్పించడం ఇంకో ఎత్తు. రెండింటినీ వివరంగా రాస్తున్నాం. కంపెనీ, మోడల్, యజమాని గుర్తులన్నీ తీసేశాం.

బండి, వాడకం

బీఎస్6, 1.5 లీటర్ డీజిల్, మాన్యువల్ గేర్, తెల్ల నంబర్ ప్లేటు. యజమాని డెల్టా జిల్లాల్లో ఆక్వా మేత కంపెనీ టెక్నికల్ ఉద్యోగి. రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ తెల్లవారుజామునే అన్నిటికంటే తక్కువగా ఉంటుంది కాబట్టి చీకటితోనే బయల్దేరాలి. నెలకు దాదాపు 5,000 కి.మీ. అందులో మూడింట రెండొంతులు 16వ నంబర్ జాతీయ రహదారి మీద, మిగతాది పంచాయతీ రోడ్లు, చెరువు గట్లు. గట్ల మీద పది నిమిషాలు నడపడం, ఆపడం, మళ్లీ పది నిమిషాలు నడపడం.

వారంటీ 3 ఏళ్లు లేదా 1,00,000 కి.మీ. దాని మీద డబ్బు కట్టి 5 ఏళ్లు లేదా 1,40,000 కి.మీ. వరకు పొడిగించుకున్నారు. రెంటిలోనూ ‘ఏది ముందైతే అది’. ఇంత తిరిగే మనిషికి ఆ పత్రంలో ఏళ్ల అంకె చూసుకోవడం దండగ. ఐదేళ్ల వారంటీ ఈయనకు రెండేళ్ల నాలుగు నెలల్లో అయిపోతుంది. సర్వీసు 10,000 కి.మీ.కి ఒకటి, అంటే రెండు నెలలకొకసారి షోరూం మెట్లెక్కాలి. ఒకసారి ఆలస్యమైంది: 90,000 దగ్గర చేయించాల్సింది 91,900 దగ్గర చేయించారు. ఇది తర్వాత అడ్డొచ్చింది.

మా దగ్గరికి వచ్చేలోపు జరిగింది

మొదటిసారి లైటు 1,14,000 దగ్గర, నవంబర్ ఆఖర్లో వెలిగింది. షోరూంలో స్కానర్ పెట్టి, బండి నిలబెట్టే బలవంతపు రీజెన్ (ఫిల్టర్‌లో పేరుకున్న మసిని వేడితో కాల్చేయడం) చేసి, బిల్లు వేసి పంపారు. 1,15,800 దగ్గర మళ్లీ వెలిగింది. ఈసారి డిఫరెన్షియల్ ప్రెషర్ సెన్సర్‌ని (ఫిల్టర్‌కి ముందూ వెనకా ఒత్తిడి తేడా కొలిచేది) వారంటీలో మార్చారు. వెయ్యి కి.మీ. తిరిగాక మళ్లీ అదే. యజమాని విసిగిపోయి బయట ఒక గ్యారేజీలో ఫిల్టర్‌లోకి ఫోమ్ కొట్టించుకున్నారు. నాలుగు రోజులు బాగుంది. 1,18,500 దగ్గర పికప్ పూర్తిగా పోయి బండి లింప్ మోడ్‌లోకి (ఇంజన్ తనను తాను కాపాడుకోవడానికి శక్తి తగ్గించేసుకునే స్థితి) వెళ్లింది. అప్పుడు షోరూం చెప్పిన మాట: ‘మీ డ్రైవింగ్ తీరు వల్ల మసి పేరుకుంది, తయారీ లోపం కాదు, ఫిల్టర్ మార్చాలి.’

1,19,000 దగ్గర బండి మా దగ్గరికి వచ్చింది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పై గీతకు ఒకటిన్నర సెంటీమీటరు పైన ఉంది, డీజిల్ వాసన కొడుతోంది. నాలుగు పాత జాబ్ కార్డుల్లో దీని గురించి ఒక్క ముక్క లేదు.

ముందు ఏది కొట్టేశాం, ఎందుకు

డీపీఎఫ్ నిండిపోవడానికి దారులు నాలుగే. మసి మామూలు కంటే ఎక్కువ పుట్టాలి, పుట్టిన మసి కాలకుండా ఉండాలి, కాలని బూడిద నిండాలి, లేదా ఫిల్టర్ బాగానే ఉండి కొలత తప్పుగా రావాలి.

కొలత సంగతి త్వరగానే తేలింది. ఇగ్నిషన్ ఆన్ చేసి ఇంజన్ ఆపి ఉంచితే ప్రెషర్ సున్నా చూపింది. సెన్సర్‌కి వెళ్లే రెండు సన్న గొట్టాల్లో పగుళ్లు లేవు, నీళ్లు లేవు. సెన్సర్ ఎలాగూ కొత్తది.

బూడిద ఇంజన్ ఆయిల్‌లోని మందుల నుంచి పుడుతుంది, ఎంత రీజెన్ చేసినా పోదు. తప్పుడు ఆయిల్ పోస్తే త్వరగా నిండుతుంది. కానీ ఈ బండికి ప్రతి సర్వీసులోనూ కంపెనీ చెప్పిన తక్కువ బూడిద ఆయిలే పోసినట్టు బిల్లుల్లో ఉంది. పైగా బలవంతపు రీజెన్ చేశాక ఐడిల్‌లో ప్రెషర్ 3–4 మిల్లీబార్‌కి, 3,000 ఆర్‌పీఎం దగ్గర 45కి దిగింది. బూడిద నిండిన ఫిల్టర్ అయితే ఇలా దిగదు. ఫిల్టర్ మార్చాల్సిన పని లేదని ఇక్కడే తేలిపోయింది.

ఇక ఎక్కువ మసి. పొగ యంత్రంతో ఇన్‌టేక్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారి) మొత్తం పరీక్షించాం. ఇంటర్‌కూలర్ హోస్ క్లాంపు దగ్గర సన్నగా లీకు ఉంది, బిగించాం. ఇంజెక్టర్ల కరెక్షన్ విలువలు (ఒక్కో సిలిండర్‌కి డీజిల్‌ని ఇంజన్ ఎంత సర్దుతోందో చెప్పే అంకెలు) నాలుగు సిలిండర్లకీ దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఈజీఆర్ వాల్వు (ఎగ్జాస్ట్‌లో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపేది) అడిగినంతే తెరుచుకుంటోంది. క్లాంపు బిగించాక మసి పెరిగే వేగం కాస్త తగ్గింది గానీ ఆగలేదు. రెండు రోజుల్లో మసి అంకె మళ్లీ పైకే వెళ్లింది.

మిగిలింది, మసి కాలడం లేదు. పెరిగిన ఆయిల్ ఇక్కడే దారి చూపించింది. రీజెన్ అప్పుడు ఎగ్జాస్ట్ వేడిని 600 డిగ్రీల దాకా తేవడానికి ఇంజన్ సిలిండర్లోకి ఆలస్యంగా కొంచెం అదనపు డీజిల్ కొడుతుంది. అందులో కొంత గోడల వెంట కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. రీజెన్ మొదలై పూర్తికాకుండా ఆగిపోవడం మళ్లీ మళ్లీ జరిగితే ఆయిల్ మట్టం పెరుగుతుంది. అంటే ఈ బండిలో రీజెన్ అసలు మొదలవ్వక కాదు, మొదలై మధ్యలో చచ్చిపోతోంది. హైవే మీద మూడింట రెండొంతులు తిరిగే బండికి ఎందుకలా?

లాగ్ చెప్పిన సంగతి

ఈ మోడల్‌లో రీజెన్ ఎందుకు ఆగిందో స్కానర్ నేరుగా చూపించదు. అందుకని ఓబీడీ పోర్టుకి (స్కానర్ తగిలించే సాకెట్) ప్రయాణంలో అంకెలు రికార్డు చేసే చిన్న లాగర్ తగిలించి, యజమానిని మామూలుగానే పనికి వెళ్లమన్నాం. రికార్డు చేసినవి ఆరే: వేగం, ఆర్‌పీఎం, కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు) వేడి, ఫిల్టర్‌కి ముందున్న ఎగ్జాస్ట్ వేడి, డిఫరెన్షియల్ ప్రెషర్, మసి అంచనా. అన్నీ రికార్డు చేస్తే శాంప్లింగ్ నెమ్మదిస్తుంది, గ్రాఫ్‌లో ఏమీ కనపడదు.

గ్రాఫ్ చూస్తే తలకిందులుగా ఉంది. తెల్లవారుజామున హైవే మీద 90 కి.మీ. వేగంలో కూలెంట్ 61 నుంచి 66 డిగ్రీల మధ్య. ఎండెక్కాక చెరువు గట్ల మీద రెండో గేరులో 82–84. మంచి బండిలో ఈ రెండు అంకెల మధ్య ఇంత తేడా ఉండదు. థర్మోస్టాట్ ఉన్నదే దానికి. ఈ ఇంజన్ థర్మోస్టాట్ 83 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టాలి. అప్పటిదాకా రేడియేటర్‌కి నీళ్లు వెళ్లనివ్వకూడదు.

థర్మోస్టాట్ పూర్తిగా మూసుకోవడం లేదు. హైవే మీద ఎదురుగాలి రేడియేటర్‌ని చల్లబరుస్తుంటే ఆ చల్లటి నీళ్లు సందులోంచి నేరుగా ఇంజన్‌లోకి వస్తున్నాయి. లాగ్‌ని బట్టి ఈ ఇంజన్ 70 డిగ్రీలు దాటితే తప్ప రీజెన్ మొదలుపెట్టడం లేదు (ఈ అంకె ఒక్కో ఇంజన్‌కి ఒక్కోలా ఉంటుంది). రీజెన్ నిశ్చింతగా పూర్తి చేసుకోగలిగిన హైవే మీద ఇంజన్ చల్లగా ఉంది. ఇంజన్ వేడెక్కి రీజెన్ మొదలుపెట్టే గట్టు మీద పది నిమిషాలకోసారి ఇంజన్ ఆపేస్తున్నారు. చలికాలంలోనే మొదలవడానికి కారణం కూడా ఇదే. మేలో ఇదే లోపం ఉన్నా హైవే మీద కూలెంట్ 70 దాటి ఉండేది, ఎవరికీ తెలిసేది కాదు.

షోరూంకి ఎందుకు దొరకలేదంటే, బండి నిలబెట్టి చేసే రీజెన్‌లో ఎదురుగాలి ఉండదు. కూలెంట్ హాయిగా 85కి చేరుతుంది, రీజెన్ పూర్తవుతుంది, అంతా సవ్యంగా కనిపిస్తుంది. ఇంజన్ తగినంత వేడెక్కడం లేదని చెప్పే పీ0128 కోడ్ కూడా పడలేదు. థర్మోస్టాట్ బార్లా తెరుచుకుని ఉంటే పడేది. సన్నటి సందే కావడంతో ఇంజన్ వేడెక్కే తీరు కోడ్ పడేంతగా దిగజారలేదు. డాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు లేదు, చల్లగా ఉన్నప్పుడు వెలిగే నీలం దీపం ఒక్కటే. అది 60కి ముందే ఆరిపోతోంది, కాబట్టి నడిపే మనిషికి తెలిసే దారి లేదు.

నిర్ధారణకి చేత్తో చేసే పరీక్ష ఒకటుంది. రాత్రంతా ఆగిన బండిని స్టార్ట్ చేసి రేడియేటర్ పై హోస్ మీద చెయ్యి పెట్టాలి. ఇంజన్ వేడి తెరుచుకునే అంకెకు చేరేదాకా అది చల్లగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కాలి. ఇక్కడ మూడు నిమిషాల్లోపే గోరువెచ్చన మొదలైంది. థర్మోస్టాట్ ఇంజన్‌లోకి వచ్చే వైపు అమర్చిన బండ్లలో ఈ పరీక్ష కింది హోస్ మీద చేయాలి, లేకపోతే మోసపోతాం. మన దగ్గర కొందరు పాత మెకానిక్‌లు ‘ఈ ఎండలకి థర్మోస్టాట్ ఎందుకు’ అని పీకి పారేస్తారు. బీఎస్6 డీజిల్‌లో అలా చేస్తే సరిగ్గా ఈ రోగాన్నే చేతులారా తెచ్చుకున్నట్టు.

విప్పాలా, వద్దా

భాగం దొరుకుతుంది, పని గంటన్నర. యజమాని అక్కడికక్కడే మార్చేయమన్నారు. వద్దన్నాం. మేం విప్పితే పాడైన భాగం షోరూం దృష్టిలో ‘బయటివాళ్లు చెయ్యి పెట్టినది’ అయిపోతుంది. దాంతో పాటు మూడు ముఖ్యమైన విషయాలు పోతాయి: బలవంతపు రీజెన్ బిల్లు, పాడైన ఆయిల్ ఖర్చు, రేపు ఫిల్టర్ నిజంగానే పోతే అడిగే హక్కు. పొడిగించిన వారంటీ పుస్తకంలో డీపీఎఫ్ మూసుకుపోవడం మినహాయింపుల్లో ఉంది, థర్మోస్టాట్ కవరయ్యే భాగాల్లో ఉంది. కవరయ్యే భాగం పాడవడం వల్ల ఇంకో దానికి నష్టం జరిగితే అదీ వర్తిస్తుందన్న వాక్యం వేరే పేజీలో ఉంది. ఫిల్టర్ అడిగితే ‘కాదు’ అనే హక్కు వాళ్లకుంది. థర్మోస్టాట్ అడిగితే లేదు.

అయితే డీజిల్ కలిసిన ఆయిల్‌తో అలాగే తిరగమనడం బేరింగులకి, టర్బోకి ప్రమాదం. అందుకని ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మాత్రం వెంటనే మార్చాం, కంపెనీ చెప్పిన గ్రేడుతోనే. ఆయిల్ మట్టం ఫొటో, ఓడోమీటర్ ఫొటో తీసి, పాత ఆయిల్ సీసాలో కొంత పక్కన పెట్టి, బిల్లులో ‘మట్టం గరిష్ఠ గీత పైన, డీజిల్ కలిసింది’ అని రాశాం.

షోరూంలో మొదటి ప్రయత్నం

యజమాని లాగ్ ప్రింట్ పట్టుకెళ్లారు. సర్వీస్ అడ్వైజర్ దాన్ని చూడలేదు. ‘బయటి స్కానర్ రిపోర్టు మేం తీసుకోం’ అన్నారు. జాబ్ కార్డులో ‘డీపీఎఫ్ లైటు చెక్ చేయాలి’ అని రాసి, బండి నిలబెట్టి పరీక్షించి, కోడ్ లేదు, కూలెంట్ 86, అంతా బాగుంది అని తిరిగిచ్చేశారు. సర్వీసు 1,900 కి.మీ. ఆలస్యమైందని, ఉద్యోగం కోసం తిప్పుతున్నారు కాబట్టి వాణిజ్య వాడకమని మాట వరసకు రెండు అభ్యంతరాలు వేశారు. రెండూ నోటిమాటలే.

ఇది వాళ్ల పని పద్ధతిలోంచే వచ్చిన వైఫల్యం. షెడ్డులో టెక్నీషియన్ జాబ్ కార్డులో రాసిందే చూస్తాడు. వారంటీ క్లెయిమ్‌లో ఫిర్యాదు, కారణం, చేసిన పని మూడూ ఒకదానికొకటి అతకాలి. ఫిర్యాదు ‘లైటు’ అయితే కారణం లైటు చుట్టూనే వెతుకుతారు.

పనిచేసిన పద్ధతి

రెండోసారి మార్చింది మూడే విషయాలు.

ఫిర్యాదు వాక్యాన్ని మనమే రాసిచ్చాం: ‘తెల్లవారుజామున హైవే మీద 90 కి.మీ. వేగంలో అరగంట నడిపాక కూడా కూలెంట్ 61–66 డిగ్రీలు దాటడం లేదు. నిలబెట్టినప్పుడు మామూలుగా ఉంటోంది. రోడ్డు మీద నడుపుతూ థర్మోస్టాట్ పరీక్షించగలరు. ఆయిల్ మట్టం పెరుగుతోంది.’ జాబ్ కార్డులో ఇదే మాట పడేదాకా సంతకం పెట్టొద్దన్నాం. అడ్వైజర్ కుదించబోయాడు. యజమాని పక్కనే నిలబడి టైపు చేయించారు.

లాగ్‌ని నమ్మమని అడగడం మానేశాం. వాళ్ల సొంత స్కానర్‌తో, వాళ్ల టెక్నీషియన్‌తో, తెల్లవారుజామున ట్రయల్ కావాలని అడిగాం. షోరూం తొమ్మిదింటికి గానీ తెరవదు, కాబట్టి సర్వీస్ మేనేజర్ ఒప్పుకోవడానికి రెండు ఈ-మెయిళ్లు పట్టాయి, రెండోదాంట్లో కంపెనీ కస్టమర్ కేర్‌కి కూడా కాపీ పెట్టాక. ట్రయల్‌లో హైవే ఎక్కిన పావుగంటకి వాళ్ల ట్యాబ్‌లోనే 63 కనపడింది. ఇంకేం వాదించాల్సిన పని లేకపోయింది.

అభ్యంతరాలను రాతలో అడిగాం. ఏ నిబంధన ప్రకారం తిరస్కరిస్తున్నారు, ఆయిల్ సర్వీసు ఆలస్యానికీ థర్మోస్టాట్ మూసుకోకపోవడానికీ సంబంధమేమిటి, రాసివ్వండి. పుస్తకంలో మినహాయింపు ఉన్నది అద్దెకు, కిరాయికి తిప్పే బండికి. కంపెనీ ఇచ్చే కి.మీ. భత్యం కిరాయి కాదు. ఈ ఉత్తరానికి జవాబు రాలేదు, అభ్యంతరాలూ మళ్లీ వినపడలేదు.

థర్మోస్టాట్‌ని యజమాని ఎదుటే విప్పారు. గది వేడిలోనే వాల్వు అంచు సీటు మీద పూర్తిగా కూర్చోకుండా సందు కనిపించింది. మరుగుతున్న నీళ్లలో వేస్తే తెరుచుకుంది, చల్లారాక అదే సందు. థర్మోస్టాట్, గ్యాస్కెట్, కూలెంట్ వారంటీలో వేశారు. మేం మార్చిన ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ ఖర్చు తిరిగిచ్చారు. మొదటి బలవంతపు రీజెన్ బిల్లు మాత్రం వెనక్కి ఇవ్వలేదు, తర్వాతి సర్వీసులో తగ్గింపుగా సర్దారు. యజమాని ఒప్పుకున్నారు. మా లెక్కలో అది పూర్తిగా రావాల్సిన డబ్బే.

మార్చాక అదే రోడ్డు, అదే వేళ, అదే వేగం: కూలెంట్ 86–89. రీజెన్ సగటున 480 కి.మీ.కి ఒకసారి జరిగి, 20 నిమిషాల లోపు పూర్తవుతోంది. డిప్‌స్టిక్ మీద మట్టం కదల్లేదు.

ఒప్పుకోకపోతే ఏం చేయాలనుకున్నాం

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం కొన్న ఊళ్లోనే కాదు, ఫిర్యాదుదారు నివసించే లేదా పనిచేసే చోట కూడా వేయొచ్చు. బండికి చెల్లించిన ధర 10 నుంచి 20 లక్షల మధ్య అయితే రుసుం రూ. 400. వివాదం పుట్టిన రోజు నుంచి రెండేళ్ల గడువు. సొంతంగా బతుకుతెరువు కోసం తిప్పుకునే బండిని చట్టం వాణిజ్య వాడకంగా చూడదు, కాబట్టి సొంత టాక్సీ నడుపుకునేవాళ్లు కూడా వినియోగదారులే. అయితే వారంటీ పుస్తకంలో టాక్సీలకు వేరే నిబంధన ఉంటే అది వేరే సంగతి, ఈ రెంటినీ కలిపి వాదిస్తే కేసు బలహీనపడుతుంది. కమిషన్‌లో నిలబడేవి జాబ్ కార్డులు, తేదీ ఉన్న ఈ-మెయిళ్లు, విప్పని భాగం. ముందే విప్పేసి ఉంటే చేతిలో మా లాగ్ ఒక్కటే మిగిలేది.

నెలకు వేలల్లో తిరిగేవాళ్లకి ఈ కేసులోంచి

వారంటీ ముగింపును తేదీతో కాక ఓడోమీటర్‌తో లెక్కపెట్టుకోండి. అది ముగియడానికి 3,000 కి.మీ. ముందు పూర్తి స్కాన్, లీకుల పరీక్ష చేయించి, ఉన్న ప్రతి చిన్న ఫిర్యాదూ జాబ్ కార్డులోకి ఎక్కించండి. వారంటీలో ఉండగా నమోదైన లోపాన్ని గడువు దాటాక మళ్లీ వచ్చినా అడగొచ్చు. నమోదు కానిదాన్ని అడగడం కష్టం. ఈ బండికి 1,37,000 దగ్గర ఆ పని చేయించాం. ముందు కుడివైపు వీల్ బేరింగ్ చప్పుడు ఒకటి బయటపడింది, వారంటీలోనే మారింది.

డిప్‌స్టిక్ వారానికోసారి, చదునైన చోట, ఇంజన్ ఆపిన పది నిమిషాలకు చూడండి. ఆయిల్ తగ్గడం అందరూ పట్టించుకుంటారు, పెరగడం ఎవరూ పట్టించుకోరు. డీజిల్ బండిలో పెరగడమే ముందు హెచ్చరిక. పై గీత దాటితే కాస్త తీసేసి ఊరుకోవద్దు, మొత్తం మార్చి కారణం వెతకాలి.

ఇంధనం రిజర్వులో ఉన్నప్పుడు, ఇంజన్ లైటు వెలిగి ఉన్నప్పుడు చాలా బండ్లు రీజెన్ మొదలుపెట్టవు. డీపీఎఫ్ లైటు రాగానే ముందు ఈ రెండూ చూసుకుని, నాలుగో గేరులో 2,000 ఆర్‌పీఎం పైన 20–25 నిమిషాలు ఆపకుండా నడపండి. ఆరిపోయి వెయ్యి కి.మీ. లోపే మళ్లీ వెలిగితే బలవంతపు రీజెన్ చేయించుకుంటూ పోవడం వల్ల ఉపయోగం లేదు, ఆయిల్ పాడవడం తప్ప.

చిన్న ఓబీడీ పరికరం, ఫోన్‌లో యాప్ ఉంటే కూలెంట్ వేడి చూడొచ్చు. హైవేలో అరగంట తర్వాత 80 లోపే ఉంటే ఆ స్క్రీన్, ఓడోమీటర్ రెండూ ఫొటో తీసి షోరూంకి ఈ-మెయిల్ పెట్టండి. వాళ్లు ఆ ఫొటోని ఒప్పుకోరు. తేదీ మాత్రం నమోదవుతుంది.

ఈ బండి ఇప్పుడు వారంటీ దాటి తిరుగుతోంది. ప్రతి సర్వీసులో పూర్తి రీజెన్ అయ్యాక 3,000 ఆర్‌పీఎం దగ్గర ప్రెషర్ రాసుకుంటున్నాం. 45తో మొదలైన అంకె బూడిద పేరుకునే కొద్దీ నెమ్మదిగా పెరుగుతుంది. 70 దాటాక ఫిల్టర్ విప్పి నీళ్లు, గాలి వెనక్కి కొట్టే యంత్రంలో శుభ్రం చేయించాలన్నది ప్రస్తుత నిర్ణయం.